మూడయ్యేదాకా లేవని బ్రదర్

మొన్న వేసవిలో ధ్యానవడకం, అంటే రిట్రీట్ ప్రసంగాలు, చెప్పమని నేను చదువుకున్న సెమినరీ వాళ్ళు పిలిచారు. త్వరలో గురుపట్టం పుచ్చుకుని ఫాదర్లు కాబోయే బ్రదర్లు పన్నెండు మంది నా ఎదురుగా కూర్చున్నారు. హాలు చల్లగా ఉంది. ఏసీ నడుస్తోందన్న సంగతి కూడా తెలియనంత నిశ్శబ్దంగా నడుస్తోంది. రెండోరోజు ఒక కుర్రాడు లేచి, "మీ రోజుల్లో చాలా కష్టపడి చదువుకుని ఉంటారు కదా ఫాదర్, మాకిప్పుడు అన్నీ అమరిపోయాయి" అన్నాడు. నా నెరిసిన గడ్డం చూసి అలా అనుకోవడం సహజమే. అవును నాయనా అని ఒక నిట్టూర్పు విడిచి, రెండు కష్టాలు కల్పించి చెప్పి ఉంటే వాళ్ళూ సంతోషించేవారు, నాకూ గౌరవం పెరిగేది. కానీ అది అబద్ధం. నా జన్మలో నేను సుఖంగా బతికింది ఆ సెమినరీలోనే. అంతకు ముందు అలాంటి సుఖం ఎరగను, ఆ తర్వాత అంత నిశ్చింత దొరకలేదు. ఆ సుఖం నా చేత ఏం చేయించిందో ఆ పూట వాళ్ళకి చెప్పాను. ఆ మాటలే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

మాది యానాం, ఫరంపేట. గోదావరి మీద ఇంకా వంతెన పడలేదు, అవతలి గట్టుకి పోవాలంటే పంటు ఎక్కాల్సిందే. మా నాన్న వేటకి వెళ్ళేవాడు. దరియాలతిప్పలో ఉండే రాయప్ప మావయ్యా ఆయనా ఒకే నావ మీద. పిలుపుకి మావయ్యే గాని మాకూ ఆయనకీ చుట్టరికం లేదు. వాళ్ళని లేపేది గడియారం కాదు, గోదావరి పోటు. పోటు ఇవాళ వచ్చిన వేళకి రేపు రాదు కాబట్టి నాన్న ఎప్పుడు పడుకుంటాడో, ఎప్పుడు లేస్తాడో చిన్నప్పుడు నాకు అంతుపట్టేది కాదు. అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలు అమ్మేది. మిగిలినవాటికి ఉప్పు పట్టించి ఇంటి ముందు పాత వల పరిచి ఎండేసేది. ఆ వాసన మా బట్టల్లో, పుస్తకాల్లో, చద్దన్నంలో ఉండేది. అది వాసన అని మాకు తెలియదు, మా ఇల్లు అంటే అదే. ఇంటికి తలుపు కూడా లేదు, తాటాకు తడిక. ఎవరైనా వచ్చి తడిక కదిపారంటే లోపలున్న నలుగురిలో ఒకరు అప్పటికే లేచి నిలబడి ఉండేవారు. పక్కింటామెకి నెప్పులొచ్చాయని, ఎవరి పిల్లాడికో జ్వరం తగ్గలేదని, నావ కట్టు తెంచుకుందని, ఏదో ఒక పని మీద జనం వస్తూనే ఉండేవారు. పడుకున్నాం, తర్వాత రండి అనే మాట ఆ ఇంట్లో నేను వినలేదు.

నన్ను సెమినరీకి పంపించాలని మొదట అనుకున్నది మా అమ్మా కాదు, నాన్నా కాదు. రాయప్ప మావయ్య తల్లి అంతోనమ్మ మామ్మ. మేం దరియాలతిప్ప వెళ్ళినప్పుడల్లా సాయంత్రం ఆమె అరుగు మీద పిల్లలందరినీ కూర్చోబెట్టి జపమాల చెప్పించేది. చేతులు రొయ్యలు వలుస్తూ ఉండేవి, నోరు మంగళవార్త జపం చెబుతూ ఉండేది. ఎన్ని పూసలైనాయో వలిచిన రొయ్యల్ని బట్టి లెక్క పెడుతుందని మేం నవ్వుకునేవాళ్ళం. ఒకనాడు నేను తడుముకోకుండా యాభై మూడు పూసలూ చెప్పేశానని, "ఈడు సామోరవుతాడే" అని మా అమ్మతో తేల్చి చెప్పేసింది. మా పాతకాలం వాళ్ళు ఫాదర్‌ని స్వాములవారు అనేవారు, ఆమె నోట్లో అది సామోరు. ఆ రోజు నుంచి మామ్మకి నేను ఆమె సామోరినే. ముక్కు తుడుచుకోవడం రాని వయసులో అంత పెద్ద పేరు వచ్చి పడితే మోయడం కంటే మోస్తున్నట్టు నటించడం తేలిక. నేనూ అదే చేశాను.

పదో తరగతి అవగానే సెమినరీలో చేరాను. నాకంటూ ఒక ఇనప మంచం, దాని మీద పరుపు, తలగడ, నెత్తిన ఫ్యాను. పొద్దున్న పాలు, ఆదివారం మాంసం, నాలుగింటికి టీతో బిస్కెట్లు. మొదటి వారం ఆ పరుపు మెత్తదనానికి నిద్రపట్టక కింద చాప వేసుకున్నాను. మూడో నెలకి చాప మీద పడుకున్నవాళ్ళెలా పడుకుంటారో మర్చిపోయాను. ఎవరో వండేవారు, ఎవరో ఉతికేవారు, ఎవరో తోట ఊడ్చేవారు. వాళ్ళ పేర్లు అడగడం మాకెవరూ నేర్పలేదు, మేమూ అడగలేదు. లేవడానికి గంట, జపానికి గంట, తినడానికి గంట, ఆటకి గంట. మధ్యాహ్నం భోజనం తర్వాత మూడింటి దాకా విశ్రాంతి, ఆ వేళలో ఎవరి గది తలుపూ ఎవరూ తట్టకూడదు. గంట దేవుడి స్వరం అని సెమినరీ పెద్ద, రెక్టరు గారు మొదటి రోజే చెప్పారు. ఆయన మంచి ఉద్దేశంతోనే చెప్పారు. మేం దాన్ని తిరగేసి అర్థం చేసుకున్నాం. గంట కొడితే దేవుడు పిలిచినట్టు, గంట కొట్టలేదంటే ఎవరు పిలిచినా దేవుడు పిలవనట్టు.

గేటు దగ్గర ఒక బోర్డు ఉండేది, బయటివాళ్ళు నాలుగున్నర నుంచి అయిదున్నర లోపు మాత్రమే రావాలని. ఒకసారి మా నాన్న చెప్పకుండా వచ్చాడు. యానాం నుంచి బస్సు మారి, రైలు మారి, గుడ్డలో మూటగట్టిన ఎండుచేపలతో పదకొండింటికే గేటు దగ్గర దిగాడట. నాలుగున్నర దాకా బయట చింతచెట్టు కింద కూర్చోబెట్టారు. నేను వెళ్ళేసరికి లేచి నిలబడి, "ఏం పర్లేదురా, నీడగానే ఉంది" అన్నాడు. నాకు బాధ కలిగిందని రాయాలనే ఉంది. నాకు ఆ చేపల మూట వాసన వేసింది. తోటి బ్రదర్లు చూడకముందే దాన్ని వంటింట్లో ఇచ్చేశాను. పెద్దవాళ్ళు ఎండలో కాచుకుని ఉండటం, మనం మన వేళకి బయటికి రావడం, అదొక పద్ధతి అన్నట్టు నా కళ్ళకి అలవాటైపోయింది.

ఇదంతా నన్ను చెడ్డవాణ్ణి చేయలేదు. అలా చేసి ఉంటే ఎవరో ఒకరు కనిపెట్టి చెవి మెలేసేవారు. నేను మంచి బ్రదర్‌ని. జపం మానలేదు, పాఠం తప్పలేదు, చెడు తిరుగుళ్ళు లేవు. సుఖంతో వచ్చిన చిక్కే అది. తాగుడులా తూలించదు. నియమం పాటిస్తున్నామన్న తృప్తి కూడా ఇస్తుంది. ఏడేళ్ళ తర్వాత, తత్త్వశాస్త్రం చదువు ముగించి వేసవి సెలవులకి తెల్లంగీతో యానాం వచ్చేసరికి, మా అమ్మ నన్ను మీరు అనడం మొదలుపెట్టింది. "అన్నం పెట్టమంటారా?" అని గుమ్మంలో నిలబడి అడిగింది. మొదట సిగ్గేసింది. రెండోసారికి బాగుందనిపించింది. సెలవుల్లో బ్రదర్లు విచారణ గురువుకి, అంటే ఊరి గుడి ఫాదర్‌కి, అందుబాటులో ఉండాలని నియమం ఉంది. ఆయన బంగళాలోనే పడుకోవాలని మాత్రం ఎక్కడా లేదు. అయినా అమ్మతో అది నియమమని చెప్పి గుడి పక్క బంగళాలో మకాం పెట్టాను. ఫ్రెంచివాళ్ళ కాలపు మందపాటి గోడలు, ఎత్తు తలుపులు, మే నెలలో కూడా లోపల చల్లగా ఉండేది. నాకో గది, గదిలో ఫ్యాను. అక్కడ గంట కొట్టేవాళ్ళెవరూ లేరు. అయినా నేను చేతి గడియారం చూసుకుని మధ్యాహ్నం మూడింటి దాకా పడుకునేవాణ్ణి, మూడున లేచి మొహం కడుక్కుని పుస్తకం చూసి జపం చెప్పుకునేవాణ్ణి. సెలవుల్లో కూడా నియమం తప్పని బ్రదర్ అని పెద్ద ఫాదర్ గారు నన్ను మెచ్చుకుంటూ రెక్టరు గారికి ఉత్తరం రాసి ఉంచారు.

పెద్ద ఫాదర్ గారంటే మా విచారణ గురువు. గుంటూరు వైపు మనిషి, సన్నగా, పొడుగ్గా, సైకిలు మీద ఊళ్ళన్నీ తిరిగేవారు. ఒకరోజు భోజనం చేసి, మెట్టకూరులో ఎవరింట్లోనో అన్నదమ్ముల తగువు తీర్చడానికి బయల్దేరుతూ, "అంతోనమ్మ గారికి ఏమీ బాగాలేదని కబురొచ్చింది. రేపు పొద్దున వెళ్దామనుకుంటున్నాను. ఈలోపు దరియాలతిప్ప నుంచి ఎవరైనా వస్తే ఆలస్యం చేయకుండా వచ్చి నాకు చెప్పు" అన్నారు. మెట్టకూరు సైకిలు మీద పది నిమిషాల దారి. నేను చేయాల్సిన పని అంతే. పట్టం కాని బ్రదర్‌ని, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి తైలం పూసి ఇచ్చే అవస్థ అభ్యంగనం నేను ఇవ్వలేను, ఇమ్మని ఎవరూ అడగలేదు. ఎవరైనా వస్తే లేచి సైకిలు ఎక్కాలి.

రెండు దాటి పది నిమిషాలకి తలుపు చప్పుడైంది. వేలి కణుపులతో మెల్లగా మూడుసార్లు. నాకు మెలకువ వచ్చింది. గడియారం చూశాను కాబట్టే ఇంత కచ్చితంగా రాయగలుగుతున్నాను. దరియాలతిప్ప నుంచే అయ్యుంటుందని నాకు తట్టింది. తట్టలేదని రాసుకోగలిగితే ఈ పాటికి ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి. మూడింటికి ఇంకా యాభై నిమిషాలుంది, అవసరమైతే మళ్ళీ కొడతారు అనుకున్నాను. బయట ఒక చిన్న దగ్గు వినిపించింది. ఆ తర్వాత చెప్పుల్లేని కాళ్ళు వరండా చివరికి నడిచి ఆగాయి. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. నిజంగా నిద్రపట్టింది కూడా. మూడుకి లేచాను, మొహం కడుక్కున్నాను, పుస్తకం తెరిచి జపం పూర్తిచేశాను, అంగీ తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకుని తలుపు తీశాను.

వరండా మెట్టు మీద రాయప్ప మావయ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున లేచి తలకి చుట్టిన తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. చిన్నప్పుడు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని నడుము లోతు నీళ్ళలో నావ దాకా తీసుకెళ్ళిన మనిషి, తప్పు చేస్తే ఒరే జోజీ అని వీపు మీద ఒక్కటిచ్చిన మనిషి, ఆ రోజు చేతులు జోడించాడు.

"అమ్మకి బాగోలేదండి బ్రదర్ గోరు. పొద్దుట్నుంచి గొంతులో నీళ్ళు దిగటం లేదండి. ఫాదర్ గోరిని తీసుకురమ్మని ఒకటే అడుగుతుందండి" అన్నాడు.

"ఎప్పుడొచ్చావు మావయ్యా?"

"ఇందాకే వచ్చానండి. తలుపు కొట్టానండి. మీరు పడుకున్నారేమో, లేపటం ఏం బాగుంటాదిలే అని కూకున్నానండి."

అంగీ తొడుక్కున్నవాడి నిద్ర చెడగొట్టకూడదని వాళ్ళకెవరు నేర్పారో నాకు తెలియదు. మర్యాద తెలిసిన మనుషులు, మాకు ఎప్పుడూ ఎదురు చెప్పనివాళ్ళు, మా తలుపు రెండోసారి కొట్టరు. ఆయన మర్యాద కొద్దీ బయట కూర్చున్నాడు, నేను నియమం కొద్దీ లోపల పడుకున్నాను. ఇద్దరం మంచివాళ్ళమే. మెట్టకూరుకి సైకిలు తొక్కాను. పెద్ద ఫాదర్ గారు తగువు మధ్యలో వదిలేసి వచ్చి గుడిలో పవిత్ర తైలం, సత్ప్రసాదం తీసుకుని, వయసు మర్చిపోయి సైకిలు తొక్కారు. ముందు తన సైకిలు మీద రాయప్ప మావయ్య, మధ్యలో ఆయన, వెనక నేను. దరియాలతిప్ప ఇళ్ళు కనబడకముందే ఆడవాళ్ళ ఏడుపు వినబడింది. పావుగంట అయిందట ప్రాణం పోయి.

రాయప్ప మావయ్య భార్య మామ్మ తలదగ్గర కూర్చుని ఉంది. పెద్ద ఫాదర్ గారు ప్రార్థన ముగించాక ఆమె ఎవరితోననకుండా చెప్పింది. "ఇందాకటిదాకా తెలివిగానే ఉందండి. బయట సైకిలు చప్పుడైతే చాలు, సామోరొచ్చారా అని అడిగేది. మన జోజిబాబు ఉన్నాడు గదా బంగళాలో, తీసుకొచ్చేత్తాడులే అని తనే మాకు దైర్నం చెప్పిందండి." నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. పెద్ద ఫాదర్ గారు నన్ను పక్కకి పిలిచి, "నీకు తలుపు చప్పుడు వినబడలేదా?" అని అడిగారు. "నిద్రపట్టేసింది ఫాదర్" అన్నాను. అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. అలాంటి మాటలు వెతుక్కోవడం సెమినరీలో మాకు బాగా అలవాటు.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటారని భయపడ్డాను, అనకపోయేసరికి నిజంగానే తేలిక పడ్డాను. కానీ ఊళ్ళో లెక్క మరోలా తేలింది. రాయప్ప మావయ్య ఇంటి నుంచి బయల్దేరింది ఒంటిగంట దాటగానే. ముప్పావుగంట, మహా అయితే గంట ప్రయాణం. ఫాదర్ గారు వచ్చింది నాలుగు దాటాక. మధ్యలో ఇంతసేపు ఎక్కడున్నాడు? యానాంలో ఏ వీధి మలుపు తిరిగినా సారా కొట్టో బ్రాందీ షాపో ఉంటుంది. మావయ్య ఒకప్పుడు బాగా తాగేవాడు. తల్లి ముందు సిలువ ముట్టుకుని ప్రమాణం చేసి మానేసి నాలుగేళ్ళు అయింది. అయినా జనానికి ఆ పాత సంగతే గుర్తొచ్చింది. ఎక్కడో కూర్చుని తాగి, తల్లికి చివరి ప్రసాదం లేకుండా చేశాడని అన్నారు. ఆయన అన్న సవరి గట్టిగా నమ్మాడు. రాయప్ప మావయ్య కాదనలేదు, అవుననలేదు. బంగళా మెట్టు మీద గంటకి పైగా కూర్చున్నానని చెబితే బ్రదర్ గారికి మాట వస్తుందని నోరు మూసుకున్నాడు. ఆ సంగతి నాకు అర్థమైంది. అర్థమై కూడా రెండు రోజులు నేనూ నోరు మూసుకున్నాను. నిజం చెబితే రెక్టరు గారికి తెలుస్తుంది, పట్టం ఆగిపోతుంది, అమ్మ తలెత్తుకోలేదు అని కారణాలు చెప్పుకున్నాను. అవి కారణాలే గాని, అసలు సంగతి నాకు నా గది, నా అంగీ, ఆ పిలుపులు పోతాయన్న భయం.

మా వైపు మూడో రోజు సమాధి మీద చెక్క సిలువ పాతుతారు. కొడుకులంతా కలిసి దాన్ని పట్టుకుని మట్టిలో దింపాలి. పెద్ద ఫాదర్ గారు అవతలి గట్టు మీద పూజకి వెళ్ళడంతో ఆ పూట ప్రార్థన నడిపించమని నన్ను పంపారు. ఊరంతా వచ్చింది, మా అమ్మా నాన్నా వచ్చారు. సిలువ ఎత్తబోతుంటే రాయప్ప మావయ్య కూడా చెయ్యి వేశాడు. సవరి ఆ చెయ్యి తోసేశాడు.

"ఆడు సిలవ ముట్టుకోటానికి ఈల్లేదు. అమ్మ ముందు పెమానం చేసి, అమ్మ పోయే పూట తాగి కూకున్నోడు. పక్కకి తప్పుకోమనండి" అన్నాడు.

రాయప్ప మావయ్య తప్పుకున్నాడు. నా వైపు చూడలేదు కూడా. చూసి ఉంటే నేనింకో అరనిమిషం ఆగేవాణ్ణేమో. ఆయన నన్ను కాపాడటానికి నా నుంచి మొహం తిప్పుకున్నాడని తెలిశాక నా వల్ల కాలేదు. చేతిలో ప్రార్థన పుస్తకం మూసేశాను.

"మావయ్య తాగలేదు" అన్నాను. "రెండు దాటి పది నిమిషాలకే బంగళాకి వచ్చాడు. తలుపు కొట్టాడు. నేను లోపలే ఉన్నాను. విన్నాను. మూడు కాలేదని లేవలేదు. నేను లేచి ఉంటే మామ్మకి ప్రసాదం అందేది. ఫాదర్ గారికి కూడా నిద్రపట్టిందని చెప్పాను. అది కూడా తప్పే."

సవరి నా వైపు తిరిగాడు. ఆయన నోట్లోంచి ఏం వస్తుందో అని మా నాన్న ఒక అడుగు ముందుకి వేశాడు. సవరి తమ్ముడి దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సిలువ మీద పెట్టాడు. ఇద్దరూ కలిసి దింపారు. నేను మళ్ళీ పుస్తకం తెరిచి ప్రార్థన పూర్తిచేశాను. కొంతమంది ఆమెన్ అన్నారు, కొంతమంది అనలేదు. అనని వాళ్ళని నేనేమీ తప్పుపట్టలేదు.

తిరిగి వస్తుంటే మా అమ్మ పక్కన నడిచింది. ఇంటి ముందుకి రాగానే తడిక తోసి, "ఈ పూట ఇక్కడే పడుకో. ఎక్కడికీ ఎల్లక్కర్లేదు నువ్వు" అంది. తెల్లంగీతో వచ్చాక మళ్ళీ ఆ నువ్వు విన్నది అప్పుడే. చాప మీద పడుకుంటే ఒళ్ళంతా నొప్పులు పుట్టాయి.

మర్నాడు గట్టు మీద వల బాగుచేసుకుంటున్న రాయప్ప మావయ్య దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. సెమినరీకి తిరిగి వెళ్ళడం లేదని, బిషప్ గారికి ఉత్తరం రాస్తానని చెప్పాను. ఆయన చేతిలో పని ఆపలేదు.

"విన్నావా నువ్వు?" అని అడిగాడు.

"విన్నాను మావయ్యా."

"మా అమ్మ ఆ సంగతి తెలీకుండా పోయింది. అదొక్కటే మేలు." వల కంత దగ్గరికి లాగి ముడేశాడు. కోపం ఉంది ఆయనకి. దాచుకోలేదు, నేనూ దాచుకోమని అడగలేదు. "నీకు బుద్దుందంట్రా జోజీ? నువ్వు మానేత్తే ఆ మంచం కాళీగా ఉంటాదా? ఇంకోడొచ్చి పడుకుంటాడు. ఆడికి మా అమ్మ సంగతి తెలీదు. నీకు తెలుసు. నువ్వే ఎల్లు."

"మళ్ళీ అలాగే చేస్తే?"

"చేత్తే మళ్ళీ వచ్చి నా ముందు కూకో" అన్నాడు. అంతకన్నా ఓదార్పు ఆయన దగ్గర లేదు. నేనూ కోరుకోలేదు.

పెద్ద ఫాదర్ గారికి జరిగిందంతా చెప్పాను. ఆయన నన్ను మెచ్చుకుంటూ రాసిన ఉత్తరానికి బదులు ఇంకో ఉత్తరం రాసి, అంటించకుండా నా చేతికే ఇచ్చారు. సెలవులవగానే అది తీసుకెళ్ళి రెక్టరు గారి ముందు పెట్టాను. వెళ్ళగొడతారనే అనుకున్నాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, ఎంతో దయగా మాట్లాడారు. మీరు నియమం పాటించారు, పరిస్థితులు అలా కలిసొచ్చాయి, మరీ మనసుని కష్టపెట్టుకోకండి, దేవుడి దయ ఆమెకి ఎలాగూ అందే ఉంటుంది అన్నారు. చివరి మాట నేనూ నమ్ముతాను. మిగతావి వింటుంటే మాత్రం భయమేసింది. ఆ సెమినరీలో తప్పుకి కూడా పరుపు వేసి పడుకోబెడతారని అప్పుడు అర్థమైంది. ఇంకో నాలుగు నిమిషాలు ఆ కుర్చీలో కూర్చుంటే నేను నిజంగానే తేలికపడిపోతాను. అందుకని లేచి నిలబడి, మధ్యాహ్నం విశ్రాంతి వేళ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడానికి అనుమతి అడిగాను. ఎవరొచ్చినా లోపలికి తీసుకొచ్చి, నీళ్ళిచ్చి, వాళ్ళు కోరినవారిని ఆ క్షణమే పిలుస్తానన్నాను. ఆయన నవ్వి, కొన్నాళ్ళు చూద్దామన్నారు. మిగిలిన నాలుగేళ్ళూ ఆ కుర్చీ నేను వదల్లేదు. తోటివాళ్ళు వాచ్‌మన్ బ్రదర్ అని పేరు పెట్టారు. వాళ్ళ నిద్ర చెడగొడుతున్నానని కొందరు కోప్పడ్డారు. తలుపు తట్టి లేపితే తిట్టుకుంటూనే లేచి, ఎండలో వచ్చిన తల్లిని చూసి మొహం మారిపోయినవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు ఆ సెమినరీలో గదికో స్నానాలగది ఉంది. బయటివాళ్ళు ముందుగా ఫోను చేసి రావాలి. ఏసీలు తీసేయమని నేను చెప్పలేదు, చాప మీద పడుకోమనీ చెప్పలేదు. చాప మీద పడుకున్నవాడు కూడా తలుపు తీయకపోవచ్చు. నేను ఆ పన్నెండు మందికీ చెప్పింది ఒకటే. మీరు తినేది, పడుకునేది, చదివేది అంతా తలుపు రెండోసారి కొట్టని మనుషులు ఇచ్చింది. వాళ్ళు ఒక్కసారే కొడతారు, అదీ మెల్లగా. ఎంత సుఖంగా ఉన్నా సరే, ఆ మెల్లటి చప్పుడు వినే చెవి పోగొట్టుకోకండి. విన్నాక లేవని రోజు వస్తే, దానికి దొరికే మంచి మాటలేవీ పుచ్చుకోకండి. ప్రశ్న అడిగిన కుర్రాడు నా దగ్గరికి వచ్చి, "ఇప్పుడు మీకు ఆ అలవాటు పూర్తిగా పోయింది కదా ఫాదర్?" అన్నాడు.

పోలేదు. అతనికీ అదే చెప్పాను. గురుపట్టం అయి ముప్పై ఏళ్ళు దాటింది, ఎన్నో విచారణలు తిరిగాను, ఎన్నో ఇళ్ళకి సత్ప్రసాదం వేళకి అందించాను. అయినా మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నాక ఎవరైనా తలుపు కొడితే, మొదట నా ఒళ్ళు గోడవైపే తిరుగుతుంది. ప్రతిసారీ తిరుగుతుంది. ఏడేళ్ళలో పట్టింది ముప్పై ఏళ్ళలో వదల్లేదు, ఇక వదలదని తెలిసిపోయింది. ఆ ఒక్క క్షణం నేను మళ్ళీ ఆ బ్రదర్‌నే. ఆ తర్వాత కాళ్ళు కింద పెడతాను.